వెబ్ సర్వర్‌లో క్యాష్ పేజీల నిర్వహణ: నిన్నటి రేటు ఈరోజు కనిపించకుండా ఏం చేయాలి

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువున్న రైతు పట్టుబడికి దిగే ముందు ఫోన్‌లో కౌంట్ వారీ రేటు చూసుకుంటాడు. 100 కౌంట్ ఎంత, 60 ఎంత, 40 ఎంత అని. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ఆ పేజీలో నిన్నటి రేటు కనిపిస్తే వ్యాపారి ముందు ఆయన మాట బలం తగ్గిపోతుంది. ఇటు ఆఫీసులో కొత్త రేటు ఎప్పుడో ఎక్కించి ఉంటారు. డేటాబేస్‌లో అది సరిగ్గానే ఉంది, ఆపరేటర్ కంప్యూటర్‌లో కూడా సరిగ్గానే కనిపిస్తోంది. దారిలో ఎక్కడో దాచిపెట్టిన పాత కాపీ ఒకటి రైతు చేతికి వెళ్తోంది. ఇలా పేజీల కాపీలు దాచి ఉంచడాన్నే క్యాష్ అంటారు.

నెల్లూరు, ఒంగోలు, కావలిలో చిన్న సంస్థలకు సర్వర్లు చూసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రేట్ల సైటు కావచ్చు, స్థానిక వార్తల సైటు కావచ్చు, కాలేజీ సైటు కావచ్చు. ముందు ఇంజిన్‌ఎక్స్ (జనం అభ్యర్థనలు అందుకునే వెబ్ సర్వర్), వెనుక పీహెచ్‌పీ (పేజీని తయారు చేసే భాష), చాలాచోట్ల వర్డ్‌ప్రెస్ ఉండే అమరికనే ఉదాహరణగా తీసుకుంటాను. వెనుక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే ప్రోగ్రామ్) ఉంటే డైరెక్టివ్ (కాన్ఫిగ్ ఫైలులో రాసే ఆదేశం) పేర్లు ఫాస్ట్‌సీజీఐ అని మొదలవుతాయి, ఇంకో వెబ్ సర్వర్ ఉంటే ప్రాక్సీ అని మొదలవుతాయి. పని చాలావరకు ఒకటే కాబట్టి ఆ మొదటి మాట వదిలేసి చెబుతాను. డైరెక్టివ్ పేర్లలో పదాల మధ్య అండర్‌స్కోర్, హెడర్ (పేజీతో పాటు వెళ్ళే సమాచారపు లైను) పేర్లలో హైఫన్ ఉంటాయని గుర్తుంచుకోండి.

1. కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు తెలుసుకోండి

ఒక పేజీకి కనీసం నాలుగు చోట్ల కాపీ ఉండొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో వేసిన క్యాష్ ప్లగిన్ దగ్గర ఒకటి, ఇంజిన్‌ఎక్స్ దగ్గర ఒకటి, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (పేజీల కాపీలను చూసేవాళ్ళకి దగ్గర్లోని సర్వర్లలో ఉంచే సేవ) ఉంటే దాని దగ్గర ఒకటి, చివరికి చూసేవాళ్ళ బ్రౌజర్‌లో ఒకటి. పీహెచ్‌పీ ఓపీక్యాష్ వీటిలోకి రాదు. అది కంపైల్ అయిన కోడ్‌ని దాస్తుంది గానీ పేజీని కాదు. రేటు మారలేదని ఓపీక్యాష్ ఖాళీ చేస్తూ కూర్చుంటే ప్రయోజనం లేదు.

ఈ నాలుగింటిలో మొదటి మూడూ మన చేతిలో ఉన్నవి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేయొచ్చు. నాలుగోది రైతు జేబులో ఉంది. అక్కడికి ఒకసారి వెళ్ళిన కాపీని వెనక్కి పిలిపించే మార్గం లేదు. ఒక రోజంతా చెల్లుతుందని చెప్పి పంపిస్తే, ఆ రోజు గడిచేదాకా ఆ బ్రౌజర్ మన సర్వర్‌ని అడగకుండా తన దగ్గరున్నదే చూపించొచ్చు. అందుకే నేను పట్టుకున్న నియమం ఇది: మన చెయ్యి అందే చోట కాపీని ఎక్కువసేపు ఉంచండి, అందని చోట తక్కువసేపు ఉంచండి. కింద చెప్పేదంతా దీన్ని ఆచరణలో పెట్టడమే.

2. కాన్ఫిగ్ ఫైలు తెరవకముందు కాగితం మీద రాయండి

సైటులో పేజీల రకాలు రాసుకుని, ఒక్కోదాని పక్కన ఎంత పాతబడితే ఎవరికి నష్టమో రాయండి. ఇది టెక్నికల్ ప్రశ్న కాదు కాబట్టి, రేట్లు ఎక్కించే మనిషి పక్కన కూర్చుని అడగాలి.

"రోజుకి ఎన్నిసార్లు మారుస్తారన్నా?"

"పొద్దున ఒకసారే. కంపెనీలోళ్ళు మారిస్తే సాయంత్రం ఇంకోసారి. ఎప్పుడు మారుస్తారో మాకూ తెలీదు."

ఈ జవాబులోనే మన సెట్టింగ్ ఉంది. మార్పులు తక్కువే, కానీ వేళ చెప్పలేం. అలాంటి పేజీకి గడియారం మీద ఆధారపడిన గడువు ఒక్కటే చాలదు, రేటు మార్చిన క్షణంలో పాత కాపీ పోయే ఏర్పాటు కూడా కావాలి.

పొగాకు వేలం పేజీ తీరు వేరు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో వేలం నడుస్తున్నంతసేపు రేటు బేలు బేలుకీ మారుతుంటుంది. వేలం ముగిశాక ఆ తేదీ లెక్క ఇక మారదు. అందువల్ల ఆనాటి పేజీకీ గడిచిన తేదీల పేజీలకీ వేర్వేరు యూఆర్‌ఎల్‌లు ఉండాలి. తేదీ ఉన్న యూఆర్‌ఎల్‌ని నెలల తరబడి దాచుకోవచ్చు, తేదీ లేని "ఈరోజు" పేజీని అర నిమిషం చాలు. రెండూ ఒకే యూఆర్‌ఎల్‌లో కలిసి ఉంటే ఏ గడువు పెట్టినా ఒకవైపు తప్పే అవుతుంది. క్యాష్ సమస్య అనుకున్నవి చాలాసార్లు యూఆర్‌ఎల్‌లు సరిగా విడదీయకపోవడం వల్ల వచ్చినవే.

ఇక సోమశిల జలాశయం నీటిమట్టం, వదులుతున్న క్యూసెక్కులు చూపించే పేజీ. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు వైపు జనం ఎంత కంగారు పడ్డారో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి రోజు గంట పాత అంకె ప్రమాదం. అలాగని క్యాష్ మొత్తంగా ఆపేస్తే సర్వర్ కూలిపోతుంది, ఎందుకంటే అందరూ ఆ పేజీ మీదికే వచ్చేది కూడా ఆ రోజే. 10 సెకన్ల గడువు పెట్టండి. సెకనుకి 100 మంది వస్తున్నారనుకుంటే, 10 సెకన్లలో వచ్చే 1000 అభ్యర్థనల్లో పీహెచ్‌పీ దాకా వెళ్ళేది ఒక్కటే. మిగతావాళ్ళు చూసేది మహా అయితే 10 సెకన్ల పాత అంకె. గడువు చిన్నదైనంత మాత్రాన క్యాష్ వృథా అనుకోకండి. రద్దీ ఉన్నప్పుడు ఆ కొన్ని సెకన్లే సర్వర్‌ని నిలబెడతాయి.

లాగిన్ అయినవాళ్ళ పేజీలు, ఫారాలు, చెల్లింపు పేజీలు: గడువు సున్నా, ఎక్కడా దాచకూడదు.

3. హెడర్లు సరిచేయండి

బ్రౌజర్‌కీ మధ్యలో ఉన్న క్యాష్‌లకీ మన ఉద్దేశం చెప్పేది క్యాష్-కంట్రోల్ హెడర్. దీని నియమాలు 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్నాయి. నాలుగు మాటలు తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది.

మ్యాక్స్-ఏజ్ అంటే ఎన్ని సెకన్లు తాజాగా లెక్కించాలో. ఎస్-మ్యాక్స్ఏజ్ కూడా అదే, కానీ అందరికీ ఉమ్మడిగా ఉండే క్యాష్‌లకి మాత్రమే, బ్రౌజర్‌కి వర్తించదు. నో-స్టోర్ అంటే అసలు దాచొద్దు. నో-క్యాష్ అంటే దాచుకోవచ్చు గానీ ప్రతిసారీ సర్వర్‌ని అడిగి చూపించాలి. పేరు చూసి నో-క్యాష్ అంటే దాచొద్దని అర్థం చేసుకుని, బ్యాంకు వివరాలున్న పేజీకి అది పెట్టి ఊరుకోవడం తరచూ కనిపిస్తుంది. అక్కడ ఉండాల్సింది నో-స్టోర్.

రేట్ల పేజీకి నేను పెట్టేది మ్యాక్స్-ఏజ్ 0, ఎస్-మ్యాక్స్ఏజ్ 300, మస్ట్-రీవ్యాలిడేట్ (గడువు దాటిన కాపీని అడగకుండా చూపించొద్దని). బ్రౌజర్ ప్రతిసారీ అడుగుతుంది, ఇంజిన్‌ఎక్స్ మాత్రం అయిదు నిమిషాలు దాచుకుంటుంది. బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ పేజీ మొత్తం పంపాలేమోనన్న దిగులు వద్దు. ఈట్యాగ్ (పేజీ వెర్షన్ గుర్తు) గానీ లాస్ట్-మాడిఫైడ్ (చివరిసారి మారిన సమయం) గానీ ఉంటే, పేజీ మారనప్పుడు 304, అంటే "మారలేదు" అనే చిన్న జవాబుతో సరిపోతుంది. సిగ్నల్ సరిగా అందని చెరువు గట్టు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒక్కటి చూసుకోండి: పీహెచ్‌పీ తయారు చేసే పేజీలకి ఈ రెండు హెడర్లూ వాటంతట అవి రావు, అప్లికేషన్ పంపాలి.

హెడర్ ఏమీ పెట్టకపోతే క్యాష్ జరగదనుకోవడం పొరపాటు. గడువు చెప్పనప్పుడు బ్రౌజర్ తనే అంచనా వేసుకోవచ్చు. పేజీ చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో పదో వంతు కాలం తాజాగా లెక్కించడం సాధారణ పద్ధతి. పది రోజులుగా మారని స్టాటిక్ పేజీ అయితే ఒక రోజంతా మళ్ళీ అడగకపోవచ్చు. కాబట్టి ప్రతి రకం పేజీకీ ఏదో ఒక మాట స్పష్టంగా చెప్పండి.

బొమ్మలు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ళ సంగతి తేలిక. ఫైలు పేరులోనే వెర్షన్ పెట్టి, మ్యాక్స్-ఏజ్ 31536000, ఇమ్యూటబుల్ (ఇది మారదు) అని పంపండి. ఏడాదిపాటు ఉంటాయి. మార్చాలంటే పేరు మార్చండి.

4. ఇంజిన్‌ఎక్స్‌లో క్యాష్ జోన్ కట్టండి

క్యాష్ పాత్ డైరెక్టివ్‌లో నాలుగు విషయాలు చెప్పాలి: ఫైళ్ళు ఏ డైరెక్టరీలో ఉండాలి, కీల (ఒక్కో పేజీని గుర్తుపట్టే గుర్తుల) పట్టికకి ఎంత మెమరీ, మొత్తం ఎంత డిస్క్, ఎంతసేపు ఎవరూ అడగకపోతే తీసేయాలి. కీ జోన్‌లో ఒక మెగాబైట్‌కి దాదాపు 8000 కీలు పడతాయి. జిల్లా స్థాయి సైటుకి 10 మెగాబైట్లు పుష్కలం. మ్యాక్స్ సైజు తప్పక రాయండి, లేకపోతే అది డిస్క్ నిండేదాకా పెరుగుతూ పోవచ్చు.

ఇక్కడ చాలామందికి తికమక పెట్టేది ఇనాక్టివ్. క్యాష్ వ్యాలిడ్ అనేది కాపీ ఎంతసేపు తాజానో చెబుతుంది. ఇనాక్టివ్ అనేది ఎవరూ అడగని కాపీని ఎప్పుడు పారేయాలో చెబుతుంది. రెండింటికీ సంబంధం లేదు. వ్యాలిడ్ ఒక రోజు అని పెట్టి ఇనాక్టివ్ రాయకుండా వదిలేస్తే, దాని డిఫాల్ట్ 10 నిమిషాలు కాబట్టి, పది నిమిషాలు ఎవరూ చూడని పాత వార్త క్యాష్ నుంచి పోతుంది. "గడువు రోజు పెట్టినా మిస్ అవుతూనే ఉంది" అనేవాళ్ళు ముందు ఇది చూడాలి. తిరగేసి చూస్తే, గడువు దాటిన కాపీ కూడా ఇనాక్టివ్ సమయం అయ్యేదాకా డిస్క్ మీద ఉంటుంది. వెనుక సర్వర్ పడిపోయినప్పుడు అదే పనికొస్తుంది.

5. కీ: ఒక పేజీని ఇంకో పేజీ నుంచి గుర్తుపట్టే గుర్తు

మొత్తం పనిలో అత్యంత జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. కీ మరీ విడివిడిగా ఉంటే క్యాష్ పనిచేయదు. మరీ కలిపేస్తే ఒకరి పేజీ ఇంకొకరికి వెళ్తుంది.

విడిపోవడం ఎలా జరుగుతుందంటే, రేట్ల లింక్‌ని ఫేస్‌బుక్‌లో పెడితే క్లిక్ చేసినప్పుడు యూఆర్‌ఎల్ చివర ఎఫ్‌బీక్లిడ్ అనే పొడవాటి తోక అంటుకుంటుంది. తోక మారితే కీ మారుతుంది. అంటే ఫేస్‌బుక్ నుంచి వచ్చినవాళ్ళంతా క్యాష్‌ని దాటుకుని పీహెచ్‌పీ మీద పడతారు. ప్రచారాల లెక్క కోసం తగిలించే యూటీఎం తోకలదీ అదే కథ. కీ తయారు చేసేముందు మ్యాప్ బ్లాక్‌తో ఈ తోకలు కత్తిరించండి.

కత్తిరించడానికి దగ్గరదారి ఒకటి కనిపిస్తుంది: రిక్వెస్ట్ యూఆర్‌ఐ బదులు యూఆర్‌ఐ అనే వేరియబుల్ వాడటం. అందులో తోక ఉండదు నిజమే. కానీ వర్డ్‌ప్రెస్ అమరికలో ట్రై ఫైల్స్ (అడిగిన ఫైలు డిస్క్ మీద ఉందో లేదో చూసే డైరెక్టివ్) జరిగాక ఆ వేరియబుల్ ప్రతి పేజీకీ ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అయిపోతుంది. అప్పుడు సైటులో ఏ లింక్ నొక్కినా మొదట దాచిన పేజీయే వస్తుంది. ఆ దారి తొక్కకండి.

ఫాస్ట్‌సీజీఐ వాడుతుంటే కీలో రిక్వెస్ట్ మెథడ్ (గెట్, హెడ్ లాంటి అభ్యర్థన రకం) కూడా చేర్చండి. లేకపోతే ఎవరో హెడర్లు మాత్రమే అడిగే హెడ్ అభ్యర్థన పంపినప్పుడు వచ్చిన ఖాళీ జవాబు దాచబడి, తర్వాత వచ్చేవాళ్ళకి తెల్ల పేజీ కనిపించొచ్చు. తెలుగు, ఇంగ్లీషు పేజీలు రెండూ ఉంటే కుకీని బట్టి మార్చకుండా యూఆర్‌ఎల్‌లోనే విడగొట్టండి.

6. దాచకూడనివాటిని పక్కన పెట్టండి

క్యాష్ బైపాస్, నో క్యాష్ అని రెండు డైరెక్టివ్‌లు ఉన్నాయి. బైపాస్ అంటే ఈ మనిషికి దాచిన కాపీ ఇవ్వొద్దు. నో క్యాష్ అంటే ఈ మనిషికి వెళ్ళే జవాబుని దాచొద్దు; ఇది పైన హెడర్లలో చెప్పిన నో-క్యాష్ కాదు. లాగిన్ అయినవాళ్ళకి రెండూ కావాలి. బైపాస్ ఒక్కటే పెడితే, ఎడిటర్‌కి తాజా పేజీ కనిపిస్తుంది గానీ, పైన అడ్మిన్ పట్టీతో సహా ఆ పేజీయే క్యాష్‌లోకి వెళ్ళి ఊరందరికీ కనిపించే ప్రమాదం ఉంది. వర్డ్‌ప్రెస్ లాగిన్డ్ ఇన్ అని మొదలయ్యే కుకీ ఉందో లేదో చూసి రెండింటికీ ఒకే షరతు ఇవ్వండి.

ఇంకో సంగతి. సెట్-కుకీ హెడర్ ఉన్న జవాబుని ఇంజిన్‌ఎక్స్ మామూలుగా దాచదు. పీహెచ్‌పీలో సెషన్ (ఒక్కో మనిషినీ గుర్తుంచుకునే ఏర్పాటు) మొదలుపెడితే ఆ కుకీతో పాటు నో-స్టోర్, నో-క్యాష్ హెడర్లు కూడా వాటంతట అవే వెళ్తాయి. ఏ పేజీ కూడా క్యాష్ కావట్లేదంటే కారణం తరచూ ఇదే: హెడర్ ఫైలులో ఎవరో ప్రతి పేజీకీ సెషన్ స్టార్ట్ పెట్టి ఉంటారు. దీనికి ఇగ్నోర్ హెడర్స్ రాసి సెట్-కుకీని పట్టించుకోవద్దని చెప్పే సలహాలు కనిపిస్తాయి. అలా చేస్తే ఒకరి సెషన్ కుకీ దాచిన పేజీతో పాటు అందరికీ పంచిపెట్టినట్టే, ఒకరి ఖాతాలోకి ఇంకొకరు వెళ్ళిపోతారు. సెషన్ అవసరం లేని పేజీల్లోంచి ఆ లైను తీసేయడమే సరైన మందు.

7. పనిచేస్తోందో లేదో కళ్ళతో చూడండి

యాడ్ హెడర్‌తో ఎక్స్-క్యాష్-స్టేటస్ అనే హెడర్ పెట్టి, అందులో అప్‌స్ట్రీమ్ క్యాష్ స్టేటస్ వేరియబుల్ ఇవ్వండి. ఆ తర్వాత కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీ అడిగే పనిముట్టు) అదే పేజీని మామూలు గెట్ అభ్యర్థనగా రెండుసార్లు అడగండి. మొదటిసారి మిస్ (కాపీ దొరకలేదు), రెండోసారి హిట్ (కాపీ దొరికింది) రావాలి. గడువు దాటాక ఎక్స్‌పైర్డ్ వస్తుంది. లాగిన్ కుకీ జోడించి అడిగితే బైపాస్ రావాలి, రాకపోతే సైటుని జనానికి వదలకండి. ప్రతిసారీ మిస్సే వస్తుంటే 5, 6 మెట్లకి వెనక్కి వెళ్ళండి. బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొట్టి తేల్చుకోవద్దు, ఏ కాపీ వస్తోందో అక్కడ తెలియదు.

8. రేటు మారిన క్షణంలో పాత కాపీని మార్చండి

ఇక్కడ మూడు దారులున్నాయి.

ఒకటి, డిస్క్ మీద ఫైలు వెతికి తీసేయడం. ఫైలు పేరు కీకి తీసిన ఎండీ5, అంటే కీ నుంచి లెక్కగట్టిన 32 అక్షరాల గుర్తు. లెవెల్స్ 1:2 అని పెట్టి ఉంటే, పేరు చివరి అక్షరం మొదటి డైరెక్టరీ, దానికి ముందున్న రెండు అక్షరాలు లోపలి డైరెక్టరీ. పేరు 029సి అని ముగిస్తే సి లోపల 29 లోపల ఉంటుంది. ఎండీ5 లెక్క వేయడం ఇష్టం లేకపోతే, ప్రతి ఫైలు మొదట్లో కీ మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది, ఫైళ్ళలో వెతికే గ్రెప్ కమాండ్ వాడితే దొరుకుతుంది. అర్ధరాత్రి ఒక్క పేజీ సరిచేయడానికి ఇది చాలు.

రెండోది దాచిన కాపీని తుడిచే పర్జ్ మాడ్యూల్ వేసుకోవడం. చాలాచోట్ల విడిగా కంపైల్ చేసుకోవాల్సి రావచ్చు, ఇంజిన్‌ఎక్స్ అప్‌డేట్ చేసినప్పుడల్లా దాన్నీ చూసుకోవాలి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చేది. మనకి మాత్రమే తెలిసిన ఒక రహస్య హెడర్ వస్తే బైపాస్ చేయమని రాయండి, నో క్యాష్ మాత్రం ఆ హెడర్‌కి పెట్టకండి. అప్పుడు ఆ అభ్యర్థన వెనుక నుంచి తాజా పేజీ తెచ్చుకుంటుంది, తెచ్చినదాన్ని పాత కాపీ స్థానంలో దాస్తుంది కూడా. మధ్యలో ఖాళీ ఉండదు, రద్దీ వెనక్కి మళ్ళదు. ఆపరేటర్ రేటు సేవ్ నొక్కగానే అప్లికేషన్ ఈ అభ్యర్థన పంపేలా చేయండి. కీ మాత్రం జనం అడిగే యూఆర్‌ఎల్ కీతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

ఏ దారి పట్టినా రెండు సంగతులు మరవొద్దు. రేటు ఒక్కటి మారితే మారేది ఒక్క పేజీ కాదు: హోమ్ పేజీలో రేట్ల పెట్టె, రేట్ల పేజీ, మండలం పేజీ, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. ఆ జాబితా కోడ్‌లో ఒకేచోట ఉండాలి. రెండోది వరస. లోపలి నుంచి బయటికి రండి: ముందు ప్లగిన్ క్యాష్, తర్వాత ఇంజిన్‌ఎక్స్, ఆఖరున సీడీఎన్. ముందు ఇంజిన్‌ఎక్స్‌ని తుడిస్తే, అది వెనక్కి వెళ్ళి ప్లగిన్ దగ్గరున్న పాత పేజీనే మళ్ళీ తెచ్చుకుని కొత్త గడువుతో దాచుకుంటుంది. "క్లియర్ చేశాం, అయినా పాతదే వస్తోంది" అనే ఫిర్యాదుల మూలం చాలావరకు ఈ వరస తప్పడమే. వీలైతే ప్లగిన్ క్యాష్, ఇంజిన్‌ఎక్స్ క్యాష్ రెండింటిలో ఒక్కదాన్నే ఉంచుకోండి.

రద్దీ వేళ మొత్తం క్యాష్ తుడవడం మాత్రం చేయకండి. అన్ని పేజీలూ ఒక్కసారిగా పీహెచ్‌పీ మీద పడతాయి.

9. వెనుక సర్వర్ పడిపోయినా పేజీ రావాలి

యూజ్ స్టేల్ డైరెక్టివ్‌లో ఎర్రర్, టైమవుట్, అప్‌డేటింగ్, 500 శ్రేణి లోపాలు చేర్చండి. డేటాబేస్ పడిపోయినా జనానికి పాత కాపీ కనిపిస్తుంది. క్యాష్ లాక్ ఆన్ చేస్తే, ఇంకా దాచని పేజీ కోసం ఒకేసారి వచ్చిన వందమందిలో ఒక్కరినే వెనక్కి పంపి, మిగతావాళ్ళని కాసేపు ఆపుతుంది.

అయితే పాత రేటుని పాతదని తెలియకుండా చూపించడం రైతుకి అన్యాయం. అందుకే రేటు పక్కనే "ఈ రేటు పెట్టిన సమయం" అని తేదీ, గంట, నిమిషంతో అచ్చు వేయించండి. అది పేజీ తయారైన సమయం కాకూడదు, ఆపరేటర్ రేటు ఎక్కించిన సమయం కావాలి. ఎన్ని పొరల క్యాష్ దాటి వచ్చినా ఆ ఒక్క లైను చూసి రైతు తనే తేల్చుకోగలడు. సోమశిల పేజీకైతే ఇది తప్పనిసరి.

10. రొట్టెల పండుగ లాంటి రద్దీకి ముందు

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకి వచ్చే జనం దారి, పార్కింగ్, బస్సుల వివరాల కోసం స్థానిక సైట్లని వెతుకుతారు. అంతకు ముందురోజు రాత్రే ఆ పేజీల జాబితా తీసుకుని, ఒక్కోదాన్నీ కర్ల్‌తో అడిగి క్యాష్ నింపి ఉంచండి. ఇనాక్టివ్ సమయం పెంచండి. ఆ రోజుల్లో థీమ్ మార్పులు, ప్లగిన్ అప్‌డేట్లు పెట్టుకోవద్దు, వాటిలో కొన్ని చెప్పకుండానే క్యాష్ మొత్తం తుడిచేస్తాయి.

11. వారానికోసారి చూడాల్సినవి

యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో క్యాష్ స్టేటస్ కూడా చేర్చి, హిట్లు, మిస్‌లు ఎన్నో ఆక్ కమాండ్‌తో లెక్కపెట్టండి. మొత్తం శాతం కన్నా ఎక్కువసార్లు మిస్ అవుతున్న యూఆర్‌ఎల్‌ల జాబితా ఎక్కువ చెబుతుంది, కొత్తగా అంటుకున్న తోకలు అక్కడే బయటపడతాయి. డీఎఫ్ కమాండ్‌తో డిస్క్ ఖాళీ చూడండి, దాని మైనస్ ఐ ఆప్షన్‌తో ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి డిస్క్ కేటాయించే నమోదులు) కూడా చూడండి. చిన్న ఫైళ్ళు లక్షల్లో చేరితే గిగాబైట్లు మిగిలి ఉన్నా కొత్త ఫైలు రాయలేని స్థితి వస్తుంది. మ్యాక్స్ సైజు దాటాక క్యాష్ మేనేజర్ పాతవి తీస్తుంది, కానీ ఆ లోపు కాసేపు హద్దు దాటొచ్చు, కాబట్టి డేటాబేస్ ఉన్న పార్టిషన్ మీద క్యాష్ డైరెక్టరీ పెట్టకండి. చేత్తో ఖాళీ చేయాల్సి వస్తే ఫైండ్‌తో ఆ డైరెక్టరీలోని ఫైళ్ళనే తీయండి, డైరెక్టరీ పూర్తి పాత్ టైప్ చేసి, ముందు డిలీట్ లేకుండా ఒకసారి నడిపి, వచ్చిన జాబితా చదివాకే డిలీట్ జోడించండి.